ప్యారీ దొర చరిత్రము

మన కొయ్యూరు గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఒక దొర చరిత్రమును వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. 1924వ సంవత్సరము మే నెల 7వ తేదీన శ్రీ అల్లూరి సీతారామరాజుగారు ఈ గ్రామముననే తెల్లదొరతనపు తుపాకి గుండ్లకు ప్రాణములర్పించిరి. ఆ వీరుని నెత్తురు ఇంకిన గడ్డపై కూర్చుండి, తెల్లజాతికే చెందిన ఒక వర్తకుని కథ చెప్పుటకు కారణమేమో ముందుగా మనవి చేయుట నా విధి.

ఈ దొర సైన్యములు నడిపినవాడు కాడు. శిస్తులు విధించినవాడు కాడు. ఇరువదేండ్ల ప్రాయమున సముద్రము దాటి వచ్చి, చెన్నపట్టణమున వర్తకపు కోఠీ తెరచి, అందులోనే ఆయుష్షు గడిపి, కడకు ఈ దేశపు మట్టిలోనే కలసిపోయినవాడు. ఆయన గతించి రెండు వందల ఏండ్లు దాటినవి. అయినను ఆయన పేరు చెరగలేదు. మన ప్రాంతమువారు పనిపాటలకై చెన్నపట్టణము పోయినప్పుడు ప్యారీస్ కార్నరు అను కూడలిలో దిగకుండ తిరిగివచ్చినవారు అరుదు. ఆ ప్యారీ ఎవడో ఎరిగినవారు అంతకంటెను అరుదు. మన పిల్లలు ఒకప్పుడు చప్పరించిన ప్యారీ బిళ్ళలు, క్రింది మైదానపు రైతులు మడులలో చల్లు గ్రోమోర్ ఎరువు, పాత శ్రీకాకుళము జిల్లాలోని సంకిలి చక్కెర మిల్లు, ఇవి అన్నియు ఏదో యొక బంధుత్వమున ఆయన కోఠీకి సంబంధించినవే.

పరాయివానియందైనను గుణమున్నచో గ్రహింపవలెననియు, ఆప్తునియందైనను దోషమున్నచో దాచరాదనియు పెద్దలు చెప్పుదురు. లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గనుక, జమయు ఖర్చును రెండును చూపినగాని ఖాతా ముగించుట నాకు చేతగాదు. చదువరులు ఈ చరిత్రమును ఆ దృష్టితోనే చదువ ప్రార్థన.

జననము, చెన్నపట్టణ ప్రవేశము

ఇంగ్లండునకు పడమట వేల్సు అను కొండసీమ గలదు. అచ్చటివారికి ఇంగ్లీషుకంటె వేరైన స్వభాషయు, తమవైన పాటలును, ఆచారములును గలవు. కొండలలో బ్రదుకు మనకు ఈ మాట వినగానే కొంత ఆత్మీయత తోచకపోదు. ఆ సీమలో వెల్షుపూలు పట్టణము చెంత, లేటన్ హాలు అను నివాసముగల ఎడ్వర్డు ప్యారీ అను గృహస్థునకు మూడవ కుమారుడుగా థామస్ ప్యారీ 1768లో జన్మించెను. ఆ దేశపు భూస్వాముల ఇండ్లలో ఆస్తి చాలవరకు జ్యేష్ఠపుత్రునికే సంక్రమించును. తక్కిన కుమారులు మతాచార్యులో, సైనికులో, వర్తకులో అయి తమ త్రోవ తాము వెదకికొనవలసినదే. మూడవవాడైన థామస్ సముద్రపు త్రోవ పట్టెను.

ఆనాటికి సూయజు కాలువ లేదు. అది 1869లో గాని తెరవబడలేదు. ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమును చుట్టి, గాలివాటమును నమ్ముకొని, నెలల తరబడి ప్రయాణము చేసి ఓడలు ఇటు చేరుచుండెడివి. చెన్నపట్టణమున రేవు కట్టడము కూడ లేదు. ఓడ దూరమున లంగరు వేసినంతనే, నారతో కుట్టిన మసూలా పడవలలో మన పల్లెవారు అలలపై ఊగుచు పోయి, మనుష్యులను, సరుకులను ఒడ్డునకు చేర్చుచుండిరి. అట్లు 1788లో ప్యారీ ఈ నేలపై కాలు మోపెను. ఆ సంవత్సరము జూలై నెలలో ఆయన వర్తకము ప్రారంభమైనట్లు ఆ కంపెనీవారు నేటికిని లెక్కించుకొందురు.

అప్పుడు ఈ దేశపు వర్తకమంతయు ఈస్టిండియా కంపెనీ గుప్పిటనుండెను. కంపెనీ ఉద్యోగి కాని తెల్లవాడు ఇచ్చట వ్యాపారము చేయవలెనన్న ఆ కంపెనీయొద్దనే అనుమతిపత్రము పొందవలెను. అట్టివానిని స్వేచ్ఛావర్తకుడని పిలిచెడివారు. ప్యారీ ఆ తెగకు చెందినవాడు. పేరున స్వేచ్ఛ యున్నను, ఆ అనుమతిని గవర్నరు ఎప్పుడు కోరిన అప్పుడు రద్దు చేయవచ్చును. ఈ సంగతి చదువరులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

ఆయన నడపిన కోఠీని ఏజెన్సీ హౌసు అనిరి. మనమెరిగిన ఏజెన్సీ వేరు, ఈ ఏజెన్సీ వేరు. దూరదేశమందలి వర్తకుల తరఫున ఇచ్చట సరుకు కొని పంపుట, వారు పంపిన సరుకును అమ్మిపెట్టుట, దాచుకొన్నవారి సొమ్మునకు వడ్డీ కట్టుట, అవసరమున్నవారికి అప్పిచ్చుట, ఓడలకును సరుకులకును భీమా కుదుర్చుట, ఇవి అన్నియు ఒక్క కప్పు క్రింద నడచు చోటే ఏజెన్సీ హౌసు. అందు సరుకుకంటె ముఖ్యమైనది నమ్మకము. ఆరు నెలల ప్రయాణపు దూరమున ఉన్నవాడు, కంట చూడని మనుష్యుని చేతిలో సొమ్ము పెట్టుటకు మాట నిలుకడ తప్ప వేరు హామీ ఏమున్నది?

నవాబు అప్పులు

ప్యారీ వచ్చిన కాలము కల్లోలకాలము. మైసూరు సుల్తానుతో కంపెనీకి యుద్ధములు జరుగుచుండెను. 1794లో ప్యారీ వివాహమాడెను. ఆ సంవత్సరము జూలై 10వ తేదీననే మన విశాఖమండలమున పద్మనాభము కడ విజయనగర ప్రభువు చిన విజయరామరాజుగారు కంపెనీ సేనతో పోరి వీరస్వర్గమలంకరించిరి. ఒకే కంపెనీ అధికారపు నీడన ఒకచోట వర్తకుని గృహప్రవేశము, వేరొకచోట రాజ్యలక్ష్మి నిష్క్రమణము!

ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా యుద్ధములకును, వైభవములకును తెల్లవర్తకులయొద్దను, కంపెనీ ఉద్యోగులయొద్దను మితిమీరిన వడ్డీలకు అప్పులు చేసెను. తీర్చుటకు గ్రామముల శిస్తును తాకట్టు పెట్టుచుండెను. మన నెల్లూరు సీమ ఆ నవాబు ఏలుబడిలోనిదే. అప్పు ఇచ్చినవాడు దొర, తీసికొన్నవాడు నవాబు. తీర్చినవాడు మాత్రము దుక్కి దున్ను రైతు. ప్యారీ కొంతకాలము నవాబు కొలువున పనిచేసెను. ఆ అప్పుల వ్యవహారములతో ఆయనకు సంబంధము కలిగెను.

1801లో కంపెనీవారు కర్ణాటక రాజ్యమును పూర్తిగా స్వాధీనము చేసికొనిరి. అంతట ఋణదాతలందరును పత్రములు చేతబట్టుకొని ముందునకు వచ్చిరి. వానిని విచారించుటకు 1805లో ఒక సంఘము ఏర్పడి, దశాబ్దములపాటు పనిచేసెను. మొత్తము కోరికలు 3 కోట్ల పౌండ్లకు పైబడగా, అందు పదియవ వంతు కూడ న్యాయమైన అప్పుగా తేలలేదు! తక్కినది కట్టుకథయు, వడ్డీపై వడ్డీయు, కూటపత్రములును. లెక్క వ్రాయువాని కలము తప్పుదారి పట్టినచో ఒక రాజ్యమే మునుగునని తెలియుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మూలయింటి మేడ, తోళ్ళ కర్మాగారము

1803లో ప్యారీ చెన్నపట్టణమున కోటకు ఉత్తరముగా, సముద్రమునకు ఎదురుగా ఒక స్థలమును సంపాదించి తన కోఠీని అచ్చటికి మార్చెను. అంతకుముందు అది నవాబు వంశమునకు చెందినది. ఆ దినములలో అలలు ఆ మేడ సమీపమువరకు వచ్చుచుండెడివి. తరువాత రేవు నిర్మించుటతో సముద్రము వెనుకకు జరిగెను. పట్టణము ఎన్నియో విధముల మారినను, ఆ కోఠీ మాత్రము ఆ మూలనుండి కదలలేదు. ప్యారీస్ కార్నరు అను పేరునకు మూలమిదియే.

1805లో ఆయన సాంథోము ప్రాంతమున తోళ్ళు పదునుచేయు కర్మాగారమును నెలకొల్పెను. ఆయన చరిత్రములో ఇది ముఖ్యఘట్టము. అంతవరకు ఆయన ఒకరి సరుకును మరొకరికి చేరవేయువాడు మాత్రమే. ఇప్పుడు స్వయముగా సరుకు తయారుచేయువాడయ్యెను. పచ్చితోలు కుళ్ళిపోవు వస్తువు. దానిని పదునుచేసినచో చెప్పులగును, జీనులగును, సముద్రము దాటి అమ్ముడుపోవును. తోళ్ళు పదునుచేయుటకు తంగేడు చెక్కను, కరక్కాయను వాడుట ఈ దేశపు పరిపాటి. మన కొండలలో ఆడువారు బుట్టలతో ఏరి సంతకు తెచ్చు కరక్కాయకు అంతటి ప్రయోజనమున్నదని మనలో ఎందరు తలచిరి? చేతికి అందిన పచ్చిసరుకును మరొక రూపమునకు మార్చినగాని లాభము నిలువదను సత్యమును ప్యారీ అప్పుడే గుర్తించెను. ఆయన పేరు నిలచుటకు ఇదియే బీజమని నా అభిప్రాయము.

దేశబహిష్కార శిక్ష

1809లో ఆయనకు పెద్ద ఆపద వచ్చెను. నవాబు అప్పుల పత్రములలో కొన్ని కూటసృష్టియని వివాదము పుట్టి న్యాయస్థానములకెక్కెను. ప్రభుత్వము ఒక పక్షమునను, ఋణదాతలలో పలువురు వేరొక పక్షమునను నిలిచిరి. ప్యారీ ప్రభుత్వమునకు ఎదురు పక్షమువాడు. అదే సంవత్సరమున కంపెనీ సైన్యమందలి తెల్ల అధికారులే భత్యాదుల విషయమున ఆగ్రహించి తిరుగబడిరి. గవర్నరు సర్ జార్జి బార్లో కఠినుడు; ఎదురుమాట సహింపనివాడు. ప్యారీ దేశము విడిచి ఇంగ్లండు పోవలెనని ఆయన ఆజ్ఞాపించెను.

ఇరువదియొక్క సంవత్సరములు ఇచ్చట శ్రమించి, మేడ కట్టి, కర్మాగారము నిలిపిన మనుష్యునకు ఒక్క కాగితముతో నిలువ నీడ లేకుండ పోయెను. స్వేచ్ఛావర్తకుని స్వేచ్ఛ ఎంతటిదో అప్పుడు తేలెను. తెల్లవానికే ఈ గతి పట్టించిన అధికారము, కొండలలోని మన పూర్వులయెడ ఎట్లు ప్రవర్తించియుండునో ఊహింపవచ్చును. అయినను ప్యారీ ఆ దెబ్బతో కృశించిపోలేదు. తరువాతి సంవత్సరములలో ఆయన మరల చెన్నపట్టణముననే వర్తకము నడపెను. 1819లో జాన్ విలియం డేర్ అను యువకుని భాగస్వామిగా చేర్చుకొనెను. వారసుని ముందుగా ఎన్నుకొని పని నేర్పుట ఆయన చేసిన గొప్ప పనులలో ఒకటి. నేడు ఆ మూలనున్న మేడకు డేర్ హౌసు అని పేరు.

నీలిమందు, మరణము

అప్పుడు ఐరోపాలో బట్టలకు నీలిరంగు వేయుటకు మన దేశపు నీలిమందునకు మిక్కిలి గిరాకియుండెను. దక్షిణార్కాడు మండలమున కడలూరు ప్రాంతమందు ప్యారీకి నీలి కర్మాగారములుండెను. నీలి ఆకును తొట్లలో నానవేసి, పులియబెట్టి, ఆ నీటిని కర్రలతో చిలికినచో అడుగున నీలము పేరును. మోకాలిలోతు మురుగునీట నిలిచి చిలుకు కూలి బ్రదుకు దుర్భరము.

1824లో ఆ వ్యాపారపు పనులపై ప్యారీ ఆ ప్రాంతమునకు పోయెను. పోర్టోనోవో అను రేవుపట్టణమున కలరా సోకి, ఏబదియారవ ఏట కన్నుమూసెను. ఆయన దేహమును కడలూరులో సమాధి చేసిరి. వైద్యము తెలియని ఆ కాలమున కలరాకు దొరయనియు కూలియనియు భేదము లేదు.

ఆయన దేనికై తిరుగుచు మరణించెనో ఆ నీలిమందు వ్యాపారము కూడ తరువాత మరణించెను. జర్మనీవారు రసాయనశాలలో నీలిరంగును తయారుచేసి 1897నుండి సంతకు తెచ్చుటతో మన నీలి మడులు వట్టిబీళ్ళయ్యెను. ఒక్క సరుకునే నమ్ముకొన్న కోఠీలెన్నో మట్టిలో కలసినవి. ప్యారీ కోఠీ కలియలేదు. ఏలయన, అప్పటికే అది చక్కెర త్రోవ పట్టెను.

చక్కెర కాలము

1833లో ఇంగ్లీషువారు తమ వలసరాజ్యములలో బానిసత్వమును రద్దుచేయ శాసనము చేసిరి. వెస్టిండీస్ ద్వీపముల చెరకుతోటలలో పనివారు కరవైరి. 1836లో బంగాళా చక్కెరపై సుంకమును ఆ ద్వీపముల చక్కెరతో సమానము చేసిరి. ఆపై చెన్నపురి రాజధానికిని ఆ వీలు కలిగెను. ఈ మార్పునకు రెండు ఫలములు. ఒకటి, మన దేశమున చక్కెర కర్మాగారములు వెలయుట. రెండవది, కోరంగి మొదలగు మన రేవులనుండి తెలుగు కూలీలు మారిషసు వంటి ద్వీపముల చెరకుతోటలకు ఓడలెక్కుట. చక్కెర తీపిలో వారి కన్నీటి ఉప్పు కూడ కలసియున్నదని మరువరాదు.

ప్యారీ గతించిన 18 సంవత్సరములకు, అనగా 1842లో, ఆయన సంస్థవారి చక్కెర కర్మాగారము కడలూరునకు సమీపమున నెల్లికుప్పము అను గ్రామమున ఆరంభమయ్యెను. ఆ కాలమున చెరకునుండియేగాక తాటిబెల్లమునుండియు పంచదార తీయుచుండిరి.

ఇచ్చట చక్కెర తయారగు క్రమమును కొంచెము తెలిసికొనవలెను. తరువాతి కథ అంతయు దానియందే ఇమిడియున్నది. చెరకును గానుగలో పిండినచో రసము వచ్చును. దానిని సున్నముతో శుద్ధిచేసి, ఇగిర్చి, పలుకు కట్టించినచో పంచదార. నూరు కిలోల చెరకునుండి సుమారు 10 కిలోల పంచదార మాత్రమే లభించును. తక్కినది? సుమారు 30 కిలోల పిప్పి, 4 కిలోలకు పైగా చిక్కని నల్లని మడ్డి, కొంత బురద, మిగిలినది నీరు. సామాన్యుడు పంచదార మూటగట్టుకొని తక్కినదానిని పారవేయును. ప్యారీ సంస్థవారు ఆ తక్కినదానివైపు చూచిరి.

పిప్పిని పొయ్యిలో వేసినచో ఆవిరి పుట్టి యంత్రములు తిరుగును. నేటి మిల్లులు దానితో విద్యుత్తును తీయుచున్నవి. బురద పొలమునకు ఎరువు. మడ్డిని పులియబెట్టి బట్టిపట్టినచో ఆసవము, అనగా స్పిరిటు. 1897లో లండనునందు నమోదైన వారి కంపెనీ పేరులోనే బట్టీలును, చక్కెర కర్మాగారములును రెండును చేరినవి. ఇరువదవ శతాబ్ది ఆరంభకాలమున మన గోదావరిమండలమందలి సామర్లకోట చక్కెర, అబ్కారీ కంపెనీ కూడ వారి నిర్వహణక్రిందకు వచ్చెను. తెలుగు రైతు చెరకుబండి ఆ విధముగ ప్యారీ ఖాతాలో చేరెను.

కల్లు, సారా, కొండల తిరుగుబాటు

ఇచ్చట ఖర్చువైపు వ్రాయవలసిన పద్దు ఒకటి గలదు. ఆ స్పిరిటులో చాలభాగము సారాగా మారి పల్లెలకు చేరెను. దొరతనమునకు అబ్కారీ ఆదాయము కావలెను. పెద్ద బట్టీలకు గుత్తలు కావలెను. అందుకై పల్లెవాడు తన చెట్టు కల్లు తాను గీచుకొనుటయు నేరమయ్యెను. మన కొండలవారికి జీలుగు కల్లు, తాటి కల్లు పండుగకు పానీయము, కరవునాట ఆహారము. దానిపై పన్ను వేసి, గుత్తదారులను పైకి తోలుటతో 1879లో రంపదేశము భగ్గుమనెను. ఆ మంట గొలుగొండ కొండలకును ప్రాకెను. ఆ తిరుగుబాటునకు ప్యారీ కంపెనీ కారణమని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పుట అన్యాయము. కాని ఆ అబ్కారీ విధానపు నీడననే చక్కెర బట్టీలు లాభించినవనుట సత్యము. ఒకచోట మిగిలిన మడ్డి ధనమగుచుండగా, వేరొకచోట ఒక జాతి తన చెట్టుపై హక్కు కోల్పోయెను. ఈ రెండు పద్దులను ఒకే పుటలో చూడనిచో లెక్క తప్పును.

తరువాతి కాలమున చెన్నరాష్ట్రమున మద్యనిషేధము వచ్చినప్పుడు, స్పిరిటు మత్తునకు గాక మందులకు, రంగులకు, రసాయనములకు ముడిసరుకుగా త్రోవ వెదకికొనవలసివచ్చెను. నేడు అదే స్పిరిటు పెట్రోలులో కలసి మోటారులను నడపుచున్నది.

చక్కెరనుండి రసాయనములకు

చెరకు రైతునకు ఎరువు కావలెను. 1906లో ప్యారీ సంస్థవారు రాణిపేటలో సూపరుఫాస్ఫేటు ఎరువు తయారుచేసిరి. మన దేశమున రసాయన ఎరువుల పరిశ్రమకు అదియే ఆరంభమని చెప్పుదురు. రాతి ఫాస్ఫేటుపై గంధకామ్లమును పోసినచో పైరు పీల్చుకొనదగిన భాస్వరము ఏర్పడును. నెల్లికుప్పమున 1914నుండి మిఠాయి బిళ్ళలు కూడ చేసిరి. ఆ బిళ్ళల వ్యాపారమును 2004లో కొరియాదేశపు లొట్టె కంపెనీవారు కొనిరి.

స్వాతంత్ర్యానంతరము 1961లో ఈ సంస్థయు, అమెరికాదేశపు రెండు కంపెనీలును కలసి కోరమాండల్ ఎరువుల కంపెనీని స్థాపించెను. 1967లో విశాఖపట్టణమున దాని కర్మాగారము పని మొదలిడెను. గ్రోమోర్ అని నర్సీపట్నపు దుకాణములలో మనము చూచు సంచి దానిదే. ప్యారీ కోఠీ నష్టములలో మునిగియుండగా 1981లో మురుగప్ప కుటుంబమువారు దానిని చేపట్టిరి. వారు పల్లత్తూరునకు చెందిన నగరత్తారు చెట్లు. 1900 ప్రాంతమున బర్మాలో వడ్డీవ్యాపారముతో ఆరంభించినవారు. ఒకనాడు దొర నవాబునకు అప్పిచ్చెను. నేడు దొర కోఠీకి దేశీయ వర్తకుడు యజమాని. కాలచక్రము తిరుగుట ఇట్టిదే.

అంతటితో ఆ సంస్థ రూపాంతరము ఆగలేదు. వేపగింజ పప్పునుండి అజాడిరక్టిను అను పదార్థమును తీసిరి. అది తగిలిన ఆకును పురుగు తినజాలదు. తిన్నను కుబుసము విడిచి ఎదుగజాలదు. మన అవ్వలు ధాన్యపు గాదెలో వేపాకు వేయుటలోని మర్మమిదియే. ఆ వ్యాపారము 2018లో కోరమాండల్ సంస్థకు చేరెను. తమిళదేశమున తొట్లలో స్పిరులినా అను నీలాకుపచ్చని నాచును పెంచి, ఎండబెట్టి, పొడిచేసి, బలవర్ధక ఆహారముగా పరదేశములకు పంపుచుండిరి. ఆ నాచులో నూటికి 60 పాళ్ళవరకు మాంసకృత్తులుండును. మందుల తయారీకి పనికివచ్చు అతిశుద్ధమైన పంచదారను కూడ చేసిరి. కాకినాడయందు ముడిచక్కెరను శుద్ధిచేయు కర్మాగారము ఈ సంస్థదే. 2010 ప్రాంతమున సంకిలి మిల్లు కూడ వీరి చేతికి వచ్చెను.

ఇట్లు తోలు, నీలి, చక్కెర, స్పిరిటు, ఆమ్లము, ఎరువు, మిఠాయి, వేప, నాచు అని ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. వీనిలో కొన్ని పోయినవి, కొన్ని ఇతరుల పాలైనవి, కొన్ని నిలిచినవి. ప్యారీ తన జీవితకాలమున ఒక్క పలుకు పంచదార కూడ తయారుచేయలేదు. అయినను చక్కెర కంపెనీకి ఆయన పేరే నిలిచెను. ఆయన విడిచిపోయినది సరుకు కాదు, సరుకు మార్చుకొను బుద్ధి.

మనకు దీనివలన తెలియునది

మన కొండ దిగినచో చెరకుసీమ. అచ్చటి ఏటికొప్పాకలో 1933లోనే రైతులు సహకారపద్ధతిని చక్కెర కర్మాగారమును స్థాపించి దేశమునకు దారి చూపిరి. వారి సాహసము ప్యారీ సాహసమునకు ఏమాత్రము తీసిపోదు. పైపెచ్చు అందు లాభము ఒక్కనిది కాదు, ఊరిది. కాని ఆ మండలమందలి సహకార మిల్లులలో కొన్ని ఇటీవలి కాలమున మూతపడినవి. కారణములు అనేకములు: బకాయిలు, పాతయంత్రములు, చెరకు తగ్గుట, ధర చాలకపోవుట. పంచదార ఒక్కదానిపైననే బ్రదుకు మిల్లు పంచదార ధర పడినంతనే పడునన్నది వానిలో ఒకటి. మన గూడెములనుండి చెరకు నరుకుటకు దిగిపోయి నాలుగు నెలల గ్రాసము సంపాదించుకొను కుటుంబములకు ఆ మిల్లు గొట్టమున పొగ ఆగుట యనగా పొయ్యిలో పొగ ఆగుటయే.

ఇక మన కొండసరుకుల సంగతి. చింతపండు, కరక్కాయ, కుంకుడు, తేనె, అడ్డాకు, జీడిగింజ, ఇవి మన సొత్తు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినప్పటినుండి సంతలోని దళారికి పోటీగా ఒక తక్కెడ వెలసినది, అది మేలు. అయినను చాలవరకు మనము పచ్చిసరుకుగానే అమ్ముచున్నాము. చింతపండు అమ్మి గింజను పారవేయుదుము. ఆ గింజ పిండి బట్టలమిల్లులలో గంజియగును, పరదేశములలో ఆహారమునకు చిక్కదనమిచ్చు పదార్థమగును. జీడిపప్పు అమ్మి పెంకును కాల్చివేయుదుము. ఆ పెంకు నూనె రంగులకును, మోటారు బ్రేకులకును పనికివచ్చును. వేప మన ముంగిట నున్నది. దాని సారము సీసాకెక్కి పదింతల ధరకు మనకే తిరిగివచ్చును. వస్తువు మనది, విలువ ఇతరులది. ఈ వ్యత్యాసమునకు పేరు విద్య.

ప్యారీకి నూరేండ్ల తరువాత, సరిగా 1924లో, ఈ గ్రామమున ఒక వీరుడు నేలకొరిగెను. కూలి లేకుండ రోడ్లు వేయించిన అధికారులపై, అడవిపై హక్కు హరించిన శాసనములపై ఆయన పోరెను. అడవి మనదని ఆయన చెప్పెను. అడవిలోని వస్తువును ఏమి చేయవలెనో తెలిసికొనుట ఆయన మనకు విడిచిన శేషకార్యము. శత్రువుల పక్షమున పుట్టిన వర్తకుని చరిత్రమునుండి ఆ విద్యను గ్రహించుట ఆ వీరునకు ద్రోహము కాదు. ఆయన ఋణము తీర్చుకొను మార్గములలో ఒకటి.

అందుకు సాధనము ఈ గ్రంథాలయమే. ఈ 25 సంవత్సరములలో మన బీరువాలలో పురాణములు, నవలలు, వీరచరిత్రలు సమృద్ధిగా చేరినవి, సంతోషము. ఇకమీదట వస్తువిద్యను, వృక్షశాస్త్రమును, సహకారమును, లెక్కలను బోధించు తెలుగు పుస్తకములకును ఒక అర కేటాయింపవలెనని కార్యవర్గమువారికి నా మనవి. సాయంకాలమున సంతనుండి తిరిగివచ్చు యువకుడొకడు ఇచ్చట దీపము క్రింద కూర్చుండి చింతగింజను గూర్చి చదివి, మరునాడు దానిని పారవేయక దాచినచో, ఈ రజతోత్సవము సార్థకము.

గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము కూడ జరుగుగాక! అప్పటి సంచికలో ఈ కొండలలో పుట్టిన ఒక పరిశ్రమ చరిత్రమును మనలో ఒకరు వ్రాయుదురుగాక!